వేసవి సెలవులు – పిల్లల చేతిపనులు – పంచాయతీల బాధ్యత

(విజయవాడలో గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



పంటలను గూర్చియు, రోడ్లను గూర్చియు, మంచినీటి చెరువులను గూర్చియు మీతో ముచ్చటించుటకు పలుమారు వచ్చియుంటిమి. నేడు మేము ప్రస్తావింపబోవునది పిల్లల ఆటబొమ్మలను గూర్చిన సంగతి. ఇది పంచాయతీ కార్యాలయమున కూర్చుండి ఆలోచింపదగిన విషయమా యని మీలో కొందరికి తోచవచ్చును. తాటాకు చిలుకకును తీర్మానముల పుస్తకమునకును సంబంధమేమని అడుగవచ్చును. ఆ సంబంధమును మీ ముందుంచుటకే మేము వచ్చితిమి.

ఏప్రిల్ మూడు వారములు గడచిన పిమ్మట బడులు మూతపడును. మరల జూన్ రెండవ వారమునకు గాని తెరువబడవు. అనగా సుమారు ఏడు వారముల కాలము. ఈ ఏడు వారములలో మన డెల్టా పల్లెలో ఒక కూలి కుటుంబము స్థితి ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. ఎండ ముదురక మునుపే పని ముగించుకొనవలెనని తల్లి తెలతెలవారుచుండగనే బయలుదేరును. తండ్రియు అంతే. ఇంట అవ్వయో తాతయో ఉన్నచో పిల్లవానికి ఒక నీడ ఉన్నది. లేనిచో వాడు ఎచట ఉండును? చెరువు గట్టున ఉండును. లాకుల కడ ఉండును. ఇసుక తీసిన గోతుల కడ ఉండును.

1855 నాటికి బెజవాడ కడ ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. నాటినుండి నేటివరకు ఈ సీమకు అన్నము పెట్టినది కాలువ నీరే. కాని నీటి నడుమ బ్రతుకు ప్రజకు నీటివలన వచ్చు ముప్పు కూడ ఇంటి ముంగిటనే ఉండును. వేసవిలో కాలువలు కట్టివేసినంత మాత్రమున ప్రమాదము తొలగినదని తలంచరాదు. కాలువ అడుగున అక్కడక్కడ మడుగులు నిలిచి యుండును. కాలువ కట్టుటకు ముందుగ నింపుకొనిన ఊరి చెరువు గట్టులకు ఒరసికొని యుండును. ఈతకు దిగిన బాలురు తిరిగి రాలేదను వార్త ఏ వేసవియందును మన పత్రికలలో తప్పుట లేదు. ఒక్కొక్క పర్యాయము ఒక్కనిని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు పోవుచున్నారు.

ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని నీటమునుగు మరణముల నివారణ దినముగ ప్రకటించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమున చెప్పిన ఉపాయములలో గట్లకు అడ్డుకట్టలు వేయుట, ఈత నేర్పుట, ఇతరులను రక్షించు విధము నేర్పుట అనునవి కలవు. వానితోపాటు మరియొకటి కలదు. అది చిన్నపిల్లలను పెద్దల కనుసన్నలలో ఒక చోట ఉంచుట. మనవలెనే నీటి నడుమ నున్న బంగ్లాదేశ్ పల్లెలలో ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము ఒంటిగంట వరకు, అనగా తల్లులకు చేతినిండ పనియుండు వేళలో, పసిపిల్లలను ఒక ఇంట చేర్చి ఆటపాటలతో కాపాడు ఏర్పాటు చేసిరి. దానివలన మరణములు ఎంతయో తగ్గినవి.

కనుక పిల్లల చేతికి పని కల్పించుటయనగా కేవలము వినోదము గాదు. పిల్లవాడు ఉదయపు నాలుగు గంటలు ఒక నీడన కూర్చుండి తన చేతులతో ఏదో ఒకటి చేయుచున్నచో, ఆ నాలుగు గంటలు వాడు గట్టున లేడని అర్థము. అయితే ఊరక కూర్చుండుమన్న పిల్లవాడు కూర్చుండడు. చరవాణి చేతికిచ్చి కూర్చుండబెట్టినచో కన్నును, మెడయు, నిద్రయు చెడును. వానికి మనసైన పని కావలయును. అట్టి పని మన పల్లెలలో కావలసినంత కలదు.

చేతితో నేర్చు చదువు

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యామహాసభయందు గాంధీమహాత్ముడు చేతిపని మూలమున చదువు చెప్పవలెనను మూల విద్యావిధానమును దేశము ముందుంచెను. నూలు వడకుచు లెక్కలు, మట్టి త్రవ్వుచు ప్రకృతి శాస్త్రము నేర్వవచ్చునని ఆయన భావము. 2020 నాటి జాతీయ విద్యావిధానమును ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి కడ పని నేర్వవలెనని చెప్పుచున్నది.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. 1953లో నాటి మదరాసు రాష్ట్రమున బడి వేళను సగమునకు తగ్గించి, మిగిలిన సగము పిల్లలు తమ ఇంటి వృత్తి నేర్వవలెనను పథకమును ప్రవేశపెట్టిరి. కుమ్మరి బిడ్డను కుమ్మరిగనే, చాకలి బిడ్డను చాకలిగనే నిలుపు చదువని ప్రజలు దానిని గట్టిగ ఎదిరించిరి. 1954లో ఆ పథకమును ఎత్తివేసిరి. ఆ పాఠమును మనము మరువరాదు. మేము చెప్పు చేతిపనులు కులమును బట్టి పంచునవి కావు. కమ్మరి వీధి బాలిక తాటాకు అల్లవలెను. మోతుబరి కుమారుడు మట్టి పిసుకవలెను. ఒకే చాపపై అందరును కూర్చుండవలెను. అట్లు కూర్చుండనిచో ఈ కార్యక్రమమునకు పూనుకొనకుండుటయే మేలు.

పిల్లల ఆటపాటలకు పెద్దలు కాలము వెచ్చించుట మన తెలుగునాట క్రొత్త గాదు. ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అని ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, పిల్లల చేతనే పిల్లలకు కథలు, పాటలు, నాటికలు చెప్పించిరి. వారు కోరినది పెద్ద భవనము గాదు. పిల్లవాని మాట వినిపించుకొను ఓపిక గల పెద్దలను.

పెరటిలోని సామగ్రి

ఇక చేయదగిన పనులను కొన్నింటిని చెప్పుదుము. ఇందు దేనికిని బజారు సరకు అక్కరలేదు.

మొదటిది ముంజెకాయల బండి. ముంజెలు తినిన పిదప మిగిలిన కాయలు రెంటిని చక్రములుగ తీసికొని, నడుమ జానెడు పుల్లను ఇరుసుగ గ్రుచ్చి, ఒక పొడవైన పంగల కఱ్ఱను ఆ ఇరుసుపై ఆనించి త్రోసినచో బండి పరుగెత్తును. మీలో దీనిని త్రోయని వారు అరుదు. దీనిలోనే ఒక లెక్క ఉన్నది. చక్రమునకు ఒక చోట సున్నపు బొట్టు పెట్టుడు. దాని చుట్టును దారము చుట్టి ఆ దారమును కొలువుడు. దారము నలుబది సెంటీమీటర్లు ఉన్నదనుకొందము. బొట్టు నూరు మారులు తిరిగినచో బండి నలుబది మీటర్లు నడచినదన్నమాట. ఇంటినుండి రామాలయమునకు ఎంత దూరమో పిల్లలే కొలిచి చెప్పగలరు. చక్రము అడ్డుకొలతకు చుట్టుకొలత మూడింతలకు కొంచెము మించి ఉండునని, చిన్న కాయయైనను పెద్ద కాయయైనను ఈ నియమము మారదని వారు తమంత తాము కనిపెట్టినప్పుడు ఆ కన్నులలో మెరయు వెలుగును చూడవలెను.

రెండవది తాటాకు. లేత ఆకును తెచ్చి నీట నానబెట్టి మెత్తపరచి చిలుకను, చేపను, గిలకను, విసనకఱ్ఱను అల్లవచ్చును. ఆకును రెండు పేటలుగ మడచి ముల్లు గ్రుచ్చి గాలికి ఎదురుగ పట్టినచో గాలిమర తిరుగును. పెద్దపిల్లలు మరియొక పని చేయవచ్చును. ఆరిన ఆకుపై మొద్దుబారిన మేకుతో తమ పేరు వ్రాయవలెను. అక్షరము కనబడదు. దీపపు మసిలో రెండు బొట్లు నూనె కలిపి ఆకుపై రుద్ది గుడ్డతో తుడిచినచో గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగ తేలును. కాగితము రాకమునుపు మన పూర్వులు గంటముతో గ్రంథములు వ్రాసినది ఈ విధముననే. ఈ ఒక్క పనితో పిల్లవానికి వందల ఏండ్ల చరిత్ర చేతికి అందును.

మూడవది సిరా. కరక్కాయలు నాలుగైదింటిని నలుగగొట్టి, రాత్రి నీట నానవేసి ఉదయమున కాచినచో పసుపుపచ్చని కషాయము వచ్చును. వేరొక ముంతలో తుప్పు పట్టిన మేకులు, బెల్లపు నీరు పోసి కొన్ని దినములు ఊరనిచ్చినచో గోధుమవన్నె నీరు వచ్చును. ఈ రెంటిలో ఏదియు నల్లనిది కాదు. రెంటిని కలిపిన క్షణమున కాటుకవలె నల్లనగును. కరక్కాయలోని వగరు పదార్థము ఇనుముతో కలియుటయే దీనికి కారణము. పెడన, మచిలీపట్టణములలో కలంకారీ పనివారలు బట్టపై నల్లని గీత వేయునది ఈ రసాయన సూత్రముతోనే. 1611లో ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్టణమున గిడ్డంగి పెట్టుకొనుటకు వారిని ఆకర్షించిన సరకులలో ఈ తీరపు బట్టలు ముఖ్యమైనవి. పెడనలో టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో బట్టలద్దుదురు. మన పిల్లలకు బెండకాయ చాలును. దానిని అడ్డముగ కోసి ఆ సిరాలో ముంచి కాగితముపై అద్దినచో పూవు తేలును. వరుస తప్పకుండ, నడుమ ఎడము చెడకుండ అద్దుటలో అసలు నేర్పు ఉన్నది.

నాలుగవది బొమ్మలు. కొండపల్లి బొమ్మలను తెలియని తెలుగువారు లేరు. అంబారీ ఏనుగు, దశావతారములు, తాటిచెట్టెక్కు గీతపనివాడు, ఎడ్లబండి – ఇవియన్నియు తెల్లపొణికి అను తేలిక కొయ్యతో చేయబడును. కాలు, చేయి, తల వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. తెల్లపొణికి ఇప్పుడు దొరకుట కష్టమైనది. దానిని పిల్లల ఆటకు నరుకరాదు. ఉలి కూడ పసివారి చేతికి ఈయరాదు. కాని మక్కు చేయుట నేర్పవచ్చును. చింతగింజలను వేయించి, పై పొట్టు తీసి, పొడికొట్టి, నీటిలో ఉడికించినచో మంచి జిగురు తయారగును. పాత పత్రికలను నానవేసి గుజ్జుగ రుబ్బి, మెంతిపిండి కలిపి, బోర్లించిన గిన్నెపై అద్ది ఆరనిచ్చి బుట్టలు చేయుట మీ ఇండ్లలోని అవ్వలకు తెలిసిన విద్యయే. ఆ గుజ్జుతో పిల్లలు ఏనుగును చేయుదురు గాక. అది ఏనుగువలె ఉండవలెనన్న పట్టుదల మనకు వలదు.

ఐదవది ముగ్గు. ముగ్గును ఆడపిల్లల పనియని మగపిల్లలు తప్పుకొందురు. దానిని లెక్కగ చూపినచో వారును వత్తురు. నడుమ వరుసన ఏడు చుక్కలు, దానికి ఇరువైపుల ఐదు, మూడు, ఒకటి చొప్పున పెట్టినచో మొత్తము ఎన్ని? ఇరువదియైదు. అదియే సందుచుక్క పెట్టి ఏడు మొదలు నాలుగు వరకు తగ్గించినచో ముప్పదియేడు. తొమ్మిదితో మొదలిడినచో ఎన్నియగునో లెక్కింపక మునుపే చెప్పుమనుడు. చుక్క తప్పినచో ముగ్గు కలియదు. లెక్క తప్పినట్లు నేలయే చెప్పును.

నీడలు, ఆటలు

ఎండ ముదిరిన పిమ్మట పిల్లలను ఇల్లు కదలనీయరాదు. ఆ వేళకు వామనగుంటలు, పులిజూదము, అష్టాచెమ్మ కలవు. వామనగుంటలలో పదునాలుగు గుంటలు. పిక్కలు పంచుచు పోవు పిల్లకు భాగహారము ఆటగ వచ్చును. పులిజూదములో మూడు పులులకు పదునైదు మేకలు ఎదురు. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి పులిని కట్టివేయును. బలహీనులు కలసి నిలిచినచో బలవంతుని నిలువరింపవచ్చునను నీతిని ఉపన్యాసముతో పనిలేకుండ ఆ పలక నేర్పును.

రాత్రివేళ దీపము ముందు తోలుబొమ్మలాట ఆడింపుడు. తోలు అక్కరలేదు. పాత శుభలేఖల అట్టలను కత్తిరించి, పుల్లలు అతికి, తెల్లని పంచెను తెరగ కట్టినచో చాలును. బొమ్మను దీపమునకు దగ్గరగ జరిపిన కొలది నీడ పెరుగుటయు, తెరకు దగ్గరగ జరిపిన కొలది తగ్గుటయు పిల్లలే గుర్తింతురు.

మే నెలలో ఒక వింత కలదు. దానిని ఏ గ్రామమును విడువరాదని మా మనవి. మన ప్రాంతమున సూర్యుడు ఏడాదికి రెండు దినములు మాత్రమే సరిగ నడినెత్తికి వచ్చును. విజయవాడలో ఇది మే 6వ తేదీ ప్రాంతమునను, మరల ఆగస్టు మొదటి వారము చివరను జరుగును. మేలో ఆ దినమున పండ్రెండు దాటి నాలుగు నిమిషములైన వేళ నిట్టనిలువుగ పాతిన కఱ్ఱకు నీడ యుండదు. దక్షిణముగ పోయిన కొలది మేలో ఈ దినము ముందుగ వచ్చును. మచిలీపట్టణములో ఒక దినము, అవనిగడ్డలో సుమారు రెండు దినములు ముందు. మే 3 మొదలు 8 వరకు ప్రతి మధ్యాహ్నమును ఒక పెద్దవారి వెంట, తలపై గుడ్డ కప్పుకొని, రెండు నిమిషములు మాత్రము నిలిచి నీడను కొలిచి వ్రాసికొనవలెను. సూర్యుని వంక కన్నెత్తి చూడరాదు. భూమి గుండ్రముగ ఉన్నదని పుస్తకమున చదువుకొనిన పిల్లవాడు రెండు ఊళ్ల లెక్కలు పోల్చుకొని ఆ సంగతిని తానే పట్టుకొనగలడు. పొరుగు పంచాయతీతో మీరు ముందుగ మాటలాడుకొనినచో రెండు ఊళ్ల పిల్లలును తమ లెక్కలు మార్చుకొందురు.

పంచాయతీ చలివేంద్రము కడ మరియొక చిన్న పరీక్ష చేయింపవచ్చును. ఒక మట్టికుండలోను, ఒక ఉక్కు బిందెలోను ఒకే నీరు నీడన ఉంచి, మధ్యాహ్నమునకు ఏది చల్లగ ఉన్నదో చూడుమనుడు. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు లోని వేడిని తీసికొనిపోవునని చెప్పుడు. చెమట పట్టిన మన శరీరము చల్లబడుటయు ఇట్లే యని, అందుకే ఎండలో నీరు మిక్కిలి త్రాగవలెనని చెప్పినచో వడదెబ్బను గూర్చిన పాఠము కూడ అందులోనే ముగియును.

పుస్తకము, ఊరి కథ

చేతిపనితో పాటు పుస్తకమును మరువరాదు. గ్రంథాలయముల విషయమున ఈ విజయవాడ నగరమునకు గొప్ప చరిత్ర కలదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ ఇచటనే జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము పోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో నడచు పడవలలో పుస్తకములనుంచి, ప్రయాణీకులకు చదువుకొన నిచ్చిరి. నేడు ఆ కాలువలలో ప్రయాణపు పడవలు లేవు. కాని పాఠకుడు పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని కడకు పోవలెనను ఆ పెద్దల ఆలోచన పాతబడలేదు. ఒక గంపలో నలుబది పుస్తకములు పెట్టుకొని వారమునకు రెండు దినములు వార్డు వార్డునకు తిరుగుట ఏ యువజన సంఘమునకును భారము గాదు.

1960 నాటి గ్రంథాలయముల చట్టము క్రింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగ మీ గ్రామస్థులు చెల్లించుచున్నారు. ఆ పైకమును మీరే వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలసియున్నది. జమచేసిన గ్రామము పుస్తకములను అడుగు హక్కు గల గ్రామము. బాకీ పడిన గ్రామము అడుగుటకు నోరు లేనిదగును. ఈ వేసవిలో మీ లెక్కను ఒక మారు చూచుకొనుడని మా విన్నపము.

చదువుటతో పాటు వ్రాయించుటయు కలదు. ఊరిలో పాత బావుల పేర్లు, పొలముల పేర్లు, 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను చూచిన వృద్ధుల జ్ఞాపకములు, అవ్వల పొడుపు కథలు – వీనిని పిల్లలు అడిగి తెలిసికొని ఒక నోటుబుక్కులో వ్రాయవలెను. ఇట్లు ఊరికొక పుస్తకము తయారగును. అది పంచాయతీ కార్యాలయమున ఉండదగిన పుస్తకము.

జాగ్రత్తలు

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పని వేళ ఉదయము ఏడు మొదలు పదకొండు వరకే. నడుమ మజ్జిగయో, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసమో ఈయవలెను. వామనగుంటలకు చింతపిక్కలే వాడవలెను. గురివింద గింజలు, పచ్చగన్నేరు గింజలు, ఆముదపు గింజలు చూపునకు అందముగ ఉన్నను విషపూరితములు. వానిని ఆటకు తేనీయరాదు. మూడేండ్ల లోపు పిల్లలకు చింతపిక్కలు సైతము అందనీయరాదు, గొంతులో అడ్డుపడును. డబ్బా రంగులకు బదులు పసుపు, గేరు, నీలి, ఆకుపసరు వాడుట మేలు. కరక్కాయ సిరాను త్రాగునీటి పాత్రలలో పోయరాదు. కత్తి, కత్తెర పెద్దవారి చేతిలోనే ఉండవలెను. మట్టి కావలసినచో పెద్దవారే చెరువునుండి తెచ్చి పెట్టవలెను. మట్టికై పిల్లలను గట్టునకు పంపినచో ఏ ముప్పును తప్పింపదలచితిమో దానినే కొనితెచ్చుకొన్నవారమగుదుము.

పిల్లలు చేసిన వస్తువులను అమ్మి లాభము తీయు ఆలోచనను దరిచేరనీయకుడు. పదునాలుగేండ్ల లోపు బాలలను పనిలో పెట్టుట చట్టవిరుద్ధము. ఇది వారి ఆట. వారి కూలి కాదు. వచ్చి నేర్పు బుట్టలల్లు వారికి, కుమ్మరికి, దర్జీకి మాత్రము ఆ పూట కూలి దక్కవలెను. పెద్దల పనిని గౌరవించుట పిల్లలు అట్లే నేర్తురు.

ఆడపిల్లల మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. సెలవులనగా పదేండ్ల బాలికకు అంట్లు తోముటయు, చంటి తమ్ముని ఎత్తుకొనుటయు అని అనేక గృహములలో అర్థము. ఆ బాలికను రమ్మనుటతో చాలదు; తమ్మునితో కూడ రమ్మనవలెను. ఆ పసివానిని చూచుకొనుటకు ఒక అవ్వను నియమింపవలెను. చాపపై ఆడపిల్లలెందరు, ఏ వీధివారెందరు అని వార్డు సభ్యులు ప్రతి దినమును లెక్క చూచుకొనుచుండవలెను.

పంచాయతీలు చేయదగినది

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యక్రమములు, స్త్రీ శిశు సంక్షేమము కలవు. కనుక ఇది మీ పరిధిలోనిదా యను సందేహమునకు తావులేదు. ఏప్రిల్ 24ను మనము పంచాయతీరాజ్ దినముగ జరుపుకొనుచున్నాము. సరిగ బడులు మూయు వేళకే అది వచ్చుచున్నది. ఆ దినమున సభ జరుపు పంచాయతీలు ఈ క్రింది తీర్మానములను చేయవచ్చును.

ఒకటి: బడి వరండానో, గ్రంథాలయ శాఖనో, సామాజిక భవనమునో ఉదయపు నాలుగు గంటలు పిల్లలకు విడిచిపెట్టుట. నీడ, నీరు, మరుగుదొడ్డి ఉన్న చోటునే ఎన్నుకొనవలెను.

రెండు: ఆ చోటికి ఇద్దరు పెద్దలను బాధ్యులుగ నియమించుట. విశ్రాంత ఉపాధ్యాయులొకరు, మహిళా సంఘ సభ్యురాలొకరు ఉన్నచో మేలు. ప్రతి ఉదయమును పేర్లు పిలిచి, రాని పిల్లవాని ఇంటికి ఒకరిని పంపవలెను. ఈ పిలుపే ఈ ఏర్పాటు మొత్తమునకు ఆయువుపట్టు.

మూడు: ఊరిలో చేతివిద్య తెలిసిన పెద్దల పట్టికను వ్రాసి, ఎవరు ఏ దినమున వచ్చి నేర్పుదురో ముందుగ నిర్ణయించుట.

నాలుగు: చెరువు, లాకులు, ఇసుక గోతులు ఉన్న చోట్లను సభ్యులు స్వయముగ నడచి చూచి, కంచెయో హెచ్చరిక పలకయో పెట్టించి, గట్టున ఒక త్రాడును, గాలి నింపిన పాత ట్యూబును ఉంచుట. మునుగుచున్న వానికై నీట దూకవలదని, త్రాడో కఱ్ఱయో అందించి పెద్దలను కేకవేయవలెనని పిల్లలకు నేర్పుట.

ఐదు: సెలవులు ముగియు వారమున పిల్లలు చేసిన వస్తువులను, వ్రాసిన ఊరి పుస్తకమును పంచాయతీ కార్యాలయమున ప్రదర్శించుట. బహుమతులు పెట్టి ఒకరిని మొదటివానిగ, ఒకరిని కడపటివానిగ నిలుపుట వలదు. ప్రతి వస్తువు కడను చేసినవారి పేరు ఉండిన చాలును.

వీనికి కాగలవ్యయము స్వల్పము. ఒక రోడ్డు గుంతను పూడ్చుటకు వెచ్చించు దానిలో కొంత భాగమే. కాని దీనికి మీ కాలము కావలయును. వారమున ఒక ఉదయము ప్రతి వార్డు సభ్యుడును, సభ్యురాలును ఆ చాపపై కూర్చుండవలెను. ముంజెకాయల బండి ఎట్లు చేయుదురో మీకు తెలియును, చేసి చూపుడు. పంచాయతీ అనగా పన్ను కట్టు కార్యాలయమని మాత్రమే తెలిసిన పిల్లవానికి, తన బండికి ఇరుసు బిగించి ఇచ్చిన పెద్దమనిషియే తన వార్డు సభ్యుడని తెలియును. ఇరువది యేండ్ల తరువాత అతడు గ్రామసభకు వచ్చును.

పనుల జాబితా మీ ఊరికి తగినట్లు మార్చుకొనుడు. సముద్రము దరి గ్రామములలో గవ్వలు, మామిడితోటల పల్లెలలో టెంకలు, నేతపని గల చోట నూలు – దేని సొగసు దానిది. మార్పు లేనిది ఒక్కటే. జూన్ నెలలో బడి గంట మ్రోగి, ఉపాధ్యాయుడు హాజరుపట్టీ విప్పి పేర్లు పిలిచినప్పుడు, ఏప్రిల్‌లో పలికిన ప్రతి గొంతును మరల పలుకవలెను. ఆ దినమున మీ గ్రామములో ఒక్క పేరు వద్దను మౌనముండకూడదని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.